యెరూషలేములో చూచిన తాళపుచెవి



యెరూషలేము వెళ్ళి వచ్చినవారిని సంఘములో చిన్నా పెద్దా అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ప్రభువు సమాధిని చూచారా? ఎలా ఉన్నది?" 2019వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒక యాత్రికుల బృందముతో కలసి, యోర్దాను దేశము మీదుగా మేము నలుగురము ఆ పట్టణము చేరాము. మేము దంపతులము, తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి, అరువది ఎనిమిదేండ్ల మా అమ్మ. అమ్మ ఎన్నో సంవత్సరాలు పాలకేంద్రానికి పాలు పోసి కూడబెట్టిన సొమ్ము లేకపోతే ఈ ప్రయాణము జరిగేది కాదు. బేత్లెహేము, గెత్సేమనే, గలిలయ సముద్రము అన్నీ చూచాము. అయితే పరిశుద్ధ సమాధి దేవాలయములో గడిపిన ఒక్క దినమును గురించి మాత్రమే ఇక్కడ వ్రాయుచున్నాము. ఆ దినము మేము చూచినది ఎంత ముఖ్యమో, మాకు కనబడిన మా తప్పు కూడ అంత ముఖ్యము.

తెల్లవారకముందు

మా బస దమస్కు గుమ్మమునకు దగ్గరలోనే. "తలుపు తెరచుట చూడదలచినవారు తెల్లవారుజామున మూడున్నరకు సిద్ధముగా ఉండాలి" అని మా గైడు ముందురోజే చెప్పాడు. ఆయన అరబ్బు క్రైస్తవుడు. బృందములో అందరికంటె ముందు లేచినది అమ్మే. చలికి మంకీ టోపీ పెట్టుకొని, పైన శాలువ కప్పుకొని, మా అమ్మాయి చేయి పట్టుకొని రాతి బాటల మీద మెల్లగా నడచినది. దుకాణాల షట్టర్లు మూసి ఉన్నవి. పిల్లులు తప్ప వీధిలో ఎవరును లేరు.

చిన్నప్పుడు సండేస్కూలు చిత్రపటములో చూచిన పచ్చని కొండ, దాని మీద మూడు సిలువలు మన మనసులలో ఉంటాయి. అక్కడ కొండ కనబడదు. ఇరుకు సందులలో నుండి నడచి ఒక చిన్న రాతి వాకిలిలోనికి దిగాము. ఎదురుగా పాతబడిన గోడ, దానికి ప్రక్కప్రక్కనే రెండు పెద్ద గుమ్మములు. కుడి ప్రక్క గుమ్మము రాళ్ళతో మూయబడియున్నది. 1187లో సలాదిను యెరూషలేమును పట్టుకొన్న తరువాత దానిని మూసివేశారట. మిగిలినది ఒకే తలుపు.

నాలుగు గంటల ప్రాంతములో ఒక ముస్లిం పెద్దాయన వచ్చి తలుపు తట్టాడు. లోపలనుండి చిన్న కిటికీ వంటి రంధ్రము తెరచి ఒక నిచ్చెన బయటకు అందించారు. ఆయన ఆ నిచ్చెన ఎక్కి, ఇంచుమించు అడుగు పొడవున్న ఇనుప తాళపుచెవితో పై తాళము తీశాడు. తలుపు కిర్రుమని తెరచుకొన్నది.

క్రైస్తవ లోకములో ఇంత ప్రసిద్ధమైన దేవాలయమునకు తాళము తీయువారు ముస్లిములు! రెండు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేయుచున్నవి. జూదే కుటుంబము తాళపుచెవిని భద్రపరచును, నుసైబే కుటుంబము తలుపు తెరచి మూయును. ఎందుకని అడిగితే గైడు దాచకుండా చెప్పాడు. ఈ దేవాలయములో ఆరు క్రైస్తవ సంఘాలకు హక్కులున్నవి. గ్రీకు ఆర్థొడాక్సులు, రోమన్ కాథలిక్కులైన ఫ్రాన్సిస్కన్లు, ఆర్మేనియనులు ప్రధానమైనవారు. ఐగుప్తు కోప్టులు, ఐతియొపీయులు, సిరియనులు తక్కినవారు. ఏ ఒక్క సంఘము చేతిలో తాళపుచెవి ఉన్నా మిగిలినవారు ఒప్పుకొనరు. బయటివారి చేతిలో ఉంటే అందరికీ నిశ్చింత.

అప్పుడు మా అమ్మాయి మెల్లగా, "నాన్నా, నాయనమ్మ పుట్టిన ఊళ్ళో చర్చి లాగే ఉంది గదా" అన్నది.

మేము మాట్లాడలేదు. అమ్మ వినిపించుకోనట్లు తల తిప్పుకొన్నది.

ఆ మాటకు అర్థము పాఠకులకు చెప్పవలసియున్నది. మేము సేవ చేయుచున్న పాస్టరేటులో అమ్మ పుట్టిన ఊరు కూడ ఒకటి. 2015లో అక్కడ క్రొత్త మందిరము కట్టారు. కట్టిన తరువాత లెక్కల దగ్గర మాట తేడా వచ్చి సంఘము రెండు వర్గాలైనది. ఒక వర్గమునకు పెద్ద మా మేనమామగారే. 2017లో ఆయన పక్షము వారు మందిరమునకు తాళము వేశారు. వారము తిరుగక ముందే దాని ప్రక్కన రెండవ తాళము పడినది. అది వేయించినది మేమే. ఇద్దరూ కలసి వస్తేనే గాని తలుపు తెరచుకోదు, ఇద్దరూ కలసి వచ్చుట లేదు. అప్పటినుండి అమ్మ తన తమ్ముని గడప త్రొక్కలేదు. మమ్మును ఒక్కమాట కూడ అనలేదు.

రాయి, కొండ, ఖాళీ సమాధి

లోపల అడుగు పెట్టగానే నేలమీద పొడవైన ఎర్రని రాతిపలక. ప్రభువు శరీరమును సిలువ నుండి దించి, సుగంధ ద్రవ్యములతో సిద్ధపరచిన సంగతిని అది జ్ఞాపకము చేయును. ఇప్పుడున్న పలక 1810లో వేసినదే. కొందరు మోకరించి ముద్దు పెట్టుకొనుచున్నారు, కొందరు తైలము పోసి గుడ్డలతో అద్దుకొనుచున్నారు. మన సంఘాల అలవాటు అది కాదు గనుక మేము ప్రక్కకు నిలిచాము. అమ్మ మాత్రము వంగి, చీర చెంగుతో ఆ రాయిని ఒక్కసారి తుడిచినది, చంటిబిడ్డ పడుకొనే చోటు తుడిచినట్లు. మ్రొక్కలేదు, ముద్దు పెట్టలేదు. మా సహధర్మిణి ఏదో చెప్పబోయి ఊరకున్నది.

కుడి ప్రక్కన నిట్రముగా ఉన్న ఇరుకు మెట్లు ఎక్కితే గొల్గొతా. కొండ మొత్తము కట్టడములో కలిసిపోయి, అద్దముల క్రింద మాత్రమే బండ కనబడుచున్నది. గ్రీకువారి బలిపీఠము క్రింద ఒక రంధ్రము ఉన్నది. మోకరించి చేయి లోపలకు చాపితే ఆ బండ తగులును. క్రింది అంతస్తులో అదే బండకు ఒక నెర్రె కూడ చూపించారు. మత్తయి సువార్త 27వ అధ్యాయములోని భూకంపమును ప్రజలు దానితో జ్ఞాపకము చేసికొందురు.

మెట్లు దిగి ఆయాసము తీర్చుకొంటూ అమ్మ ఒక ప్రశ్న వేసినది. "ప్రభువును ఊరి బయటకు తీసుకుపోయి సిలువ వేశారని గదా నువ్వు చెప్పేది. ఇది ఊరి నడిమధ్యన ఉందేమిటి నాయనా?"

మంచి ప్రశ్న. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము ఆయన గవిని వెలుపల శ్రమపడెనని మనకు నేర్పుచున్నది. యోహాను సువార్త 19వ అధ్యాయము ప్రకారము ఆ స్థలము దగ్గర తోట, తోటలో సమాధి ఉన్నవి. ప్రభువు కాలములో ఈ చోటు పట్టణపు గోడకు వెలుపలనే ఉన్నది. అది రాయి కొట్టి వదలివేసిన పాత గని. ఆయన సిలువ వేయబడిన తరువాత పది పదిహేను ఏండ్లలోపలనే, హేరోదు అగ్రిప్ప రాజు కాలములో (క్రీ.శ. 41–44), మరొక గోడ కట్టగా ఇది పట్టణములోపలికి వచ్చినది. దేవాలయములోనే సిరియనుల ప్రార్థన గది వెనుక, చీకటి మూలలో, బండలో తొలిచిన పాత సమాధులు ఉన్నవి. యూదులు ఊరిలోపల సమాధులు ఉంచరు గనుక, ఆనాడు ఇది ఊరి వెలుపలి స్థలమేనని ఆ గుంటలే సాక్ష్యము పలుకుచున్నవి.

ఇదంతా వివరిస్తే అమ్మ, "మన ఊళ్ళో శ్మశానం పక్కకు కూడా ఇళ్ళు రాలేదా? అలాగే" అని తృప్తిపడినది.

ఈ స్థలపు చరిత్ర కూడ క్లుప్తముగా చెప్పాలి. రోమా చక్రవర్తి హద్రియను రెండవ శతాబ్దములో ఇక్కడ అన్యదేవతకు గుడి కట్టించాడు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి దానిని తీయించి దేవాలయము కట్టించగా అది 335లో ప్రతిష్ఠింపబడినది. 614లో పారసీకులు కాల్చారు. 1009లో ఐగుప్తు పాలకుడు అల్ హాకిం పునాదుల వరకు పడగొట్టించాడు. మరల కట్టారు. సిలువ యుద్ధముల వారు కట్టించి 1149లో ప్రతిష్ఠించిన రూపమే చాలవరకు నేడు మనము చూచునది. 1808లో అగ్నిప్రమాదము, 1927లో భూకంపము. ఇన్నిసార్లు కూలినా, ఇన్నిసార్లు లేచిన కట్టడము అది.

సమాధి గోపురము క్రింద ఒక చిన్న రాతి మందిరములో ఉన్నది. తెల్లవారుజాము ఆరాధనలు ముగిసిన తరువాత యాత్రికులను వదిలారు. గంటకు పైగా వరుసలో నిలిచాము. రష్యా వారు, నైజీరియా వారు, కొరియా వారు, మన కేరళ వారు, అందరూ ఒకరినొకరు త్రోసికొనుచున్నారు. లోపలి గది నలుగురికి మించి పట్టనంత చిన్నది. తల వంచుకొనే వెళ్ళాలి. కుడి ప్రక్కన పాలరాతి పలక, పైన వ్రేలాడు దీపములు. అంతే. అర నిమిషము గడవక ముందే సన్యాసి ఒకాయన "త్వరగా, త్వరగా" అని సైగ చేశాడు.

బయటకు రాగానే అమ్మ ముఖము వెలిగిపోవుచున్నది. "లోపల ఏమీ లేదు నాయనా!" అన్నది. "ఏమీ లేదు. దూత చెప్పింది నిజమే!"

మేము డిప్లొమా చదువులో పునరుత్థానమును గురించి పుటల కొలది వ్రాశాము. ప్రతి ఈస్టరుకు ప్రసంగించాము. ఆ ప్రసంగాలన్నిటిలో అమ్మ మాటంత బలమైన మాట ఒక్కటి కూడ జ్ఞాపకము రాలేదు.

కదలని నిచ్చెన

బయటకు వచ్చినప్పుడు బాగా వెలుతురు వచ్చినది. గైడు పైకి చూడమన్నాడు. మూయబడిన గుమ్మమునకు పైగా, కిటికీ క్రింది అంచు మీద ఒక చిన్న కొయ్య నిచ్చెన ఆనించి ఉన్నది. 1728 నాటి ఒక చిత్రములో కూడ ఆ నిచ్చెన అక్కడే కనబడుచున్నది. 1757లో తుర్కీ సుల్తాను ఎవరి హక్కులు ఎట్లున్నవో అట్లే ఉండవలెనని ఆజ్ఞ ఇచ్చాడు. 1852లో మరల ఆ ఆజ్ఞనే స్థిరపరచారు. అందరి అంగీకారము లేనిదే ఒక్క మేకు కూడ కదల్చరాదు. ఆ నిచ్చెన కూడ అందుకే అక్కడ ఉండిపోయినది.

పైకప్పు మీద మట్టి గుడిసెల వంటి గదులలో ఐతియొపీయ సన్యాసులు నివసించుచున్నారు. ఆ స్థలము మాదని కోప్టులు అందురు. 2002లో ఒక కోప్టు సన్యాసి ఎండకు తాళలేక తన కుర్చీని నీడకు జరిపినందుకు కొట్లాట జరిగి, పదకొండుమంది ఆసుపత్రి పాలయ్యారు. 2008 నవంబరులో గ్రీకు, ఆర్మేనియను సన్యాసులు ఊరేగింపు విషయములో సమాధి ప్రక్కనే పిడికిళ్ళతో కొట్టుకొనగా పోలీసులు వచ్చి విడదీశారు.

ఇదంతా విని బృందములో కొందరు నవ్వారు. మా అమ్మాయి, "మన వాళ్ళకు ఇందులో గది లేదా నాన్నా?" అని అడిగినది. వాటాలు ఉన్నవారిలో ప్రొటెస్టెంటు సంఘాలు లేవని చెప్పాము. "వాటా లేకపోతే ఏం తల్లీ, ఒక పోట్లాట తగ్గింది" అన్నది అమ్మ. అందరితో పాటు మేమును నవ్వాము గాని, ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయినది. కుర్చీ కోసము కొట్టుకొన్న సన్యాసులను చూచి నవ్వుటకు మాకేమి హక్కు ఉన్నది? మాది మూడువందల ఏండ్ల తగవు కాదు, రెండేండ్లదే. కాని వారి తలుపు ప్రతి ఉదయము తెరచుకొనుచున్నది. మాది తెరచుకొనుట లేదు.

గైడు మరొక సంగతి కూడ చెప్పాడు. సమాధి మీది చిన్న మందిరము కూలిపోకుండ 1947లో ఆంగ్ల ప్రభుత్వము చుట్టూ ఇనుప దూలములు బిగించినది. బాగుచేయుటకు సంఘాలు ఏకము కాలేక అవి దాదాపు డెబ్బది ఏండ్లు అట్లే ఉండిపోయినవి. 2015లో అపాయమని పోలీసులు కొన్ని గంటలు దానిని మూసివేసిన తరువాత, మూడు ప్రధాన సంఘాలు చివరకు కలసికొన్నవి. గ్రీసు దేశపు ఆచార్యులు 2016లో పని మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో పాలరాతి పలకను తొలగించి, శతాబ్దముల తరువాత క్రింది బండను చూచారు. 2017 మార్చిలో పని ముగిసి ఇనుప దూలములు పోయినవి. మేము చూచినది ఆ దూలములు లేని సమాధినే. మనసు పెడితే బిగుసుకొన్న ఇనుము కూడ ఊడునని మేము అప్పుడు అనుకొన్నాము. అనుకొనుట వరకే.

తోట సమాధి దగ్గర

మధ్యాహ్నము దమస్కు గుమ్మమునకు ఉత్తరముగా ఉన్న తోట సమాధికి వెళ్ళాము. 1883లో ఆంగ్ల సేనాధిపతి గోర్డను ప్రక్కనున్న కొండ పుర్రె ఆకారములో ఉన్నదని, ఇదే గొల్గొతా కావచ్చునని చెప్పుటతో ఈ చోటు ప్రసిద్ధమైనది. 1894లో ఇంగ్లాండులోని ప్రొటెస్టెంటు విశ్వాసులు ఒక సంఘముగా ఏర్పడి ఈ తోటను సంరక్షించుచు వచ్చారు. పురావస్తు పరిశోధకులు పరిశీలించి, ఈ సమాధి ప్రభువు కాలమునకు కొన్ని వందల ఏండ్లు ముందుదని తేల్చారు. సువార్తలలోని సమాధి క్రొత్తది గనుక, ఉదయము మేము చూచిన స్థలమునకే ఆధారాలు ఎక్కువ. అయినను చెట్ల నీడ, పూల మొక్కలు, బల్లలు, నిశ్శబ్దము ఉన్న ఆ తోటలో మనబోటి వారికి ప్రార్థన సులువుగా వచ్చును. రెండు చోట్లా ప్రవేశ రుసుము లేదు.

బృందము ప్రభువు బల్ల ఆచరింపదలచినది. ఒలీవ కొయ్యతో చేసిన చిన్న పాత్రలు సిద్ధము చేశారు. పెద్దలు వచ్చి బల్ల నడిపించుమని మమ్మును అడిగారు. ఆ చోట రొట్టె విరచుట ఏ కాపరికైనా జీవితమంతా చెప్పుకొనదగిన భాగ్యము. సంతోషముగా లేచాము.

అమ్మ మా చొక్కా చేయి పట్టుకొన్నది. ఎవరికీ వినబడకుండ, "మీ మేనమామతో మాట్లాడకుండా రొట్టె విరుస్తావా నాయనా?" అన్నది. రెండేండ్లలో ఆమె ఈ విషయము ఎత్తుట అదే మొదటిసారి.

మత్తయి సువార్త 5వ అధ్యాయములో బలిపీఠము నొద్ద కానుకను విడిచి, ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన సంగతి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ దినము అది మాకే వర్తించినది. బృందములో మాకంటె పెద్దవారైన ఒక దైవజనులను బల్ల నడిపించుమని కోరి, పది నిమిషములు ఆగుమని బ్రతిమాలి, తోట మూలకు వెళ్ళి ఫోను చేశాము. మన ఊరిలో అప్పటికి రాత్రి ఏడు దాటినది. మామగారు ఫోను ఎత్తారు. యెరూషలేము నుండి మాట్లాడుచున్నామని, రెండవ తాళము వేయించుట మా తప్పేనని, క్షమించుమని చెప్పాము.

చాలాసేపు అవతల మాట లేదు. ఆ తరువాత, "అక్క మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అని మాత్రము అడిగారు.

ఫోను అమ్మకు ఇచ్చాము. ఆమె తాళము మాట గాని మందిరము మాట గాని ఎత్తలేదు. "కోడలికి నెలలు నిండాయా? ఈ చలికి ఇక్కడ మంకీ టోపీ పెట్టుకున్నానురా" అని చెప్పి నవ్వుచు కన్నీరు తుడుచుకొన్నది. తరువాత అందరితో కలసి ప్రభువు బల్లలో పాలుపొందాము. మామగారు తన తాళము తీయుదునని ఆ దినము అనలేదు. మేమును అడుగలేదు.

తిరిగి వచ్చిన తరువాత

ఇంటికి చేరిన మరుసటి దినమే ఆ ఊరికి వెళ్ళి, మేము వేయించిన తాళమును ఊడదీసి, తాళపుచెవితో సహా మామగారి ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాము. మా పక్షము వారు కొందరు మాపై కోపించారు. అది మేము భరింపవలసినదే. రెండవ తాళము తీయుటకు పది నెలలు పట్టినది. డిసెంబరు మొదటి ఆదివారము మేము వెళ్ళేసరికి తలుపు తెరచి, వాకిలి ఊడ్చి ఉన్నది. ఎవరు తెరిచారో ఎవరును చెప్పలేదు. లెక్కల విషయములో నేటికీ అందరిదీ ఒక మాట కాలేదు. కాని తలుపు తెరచియున్నది.

2022లో అమ్మ ప్రభువునందు నిద్రించినది. ఆమె పెట్టెను ఆ మందిరములోనికి మోసిన నలుగురిలో మామగారు ఒకరు. తాళపుచెవి కోసము ఎవరింటికీ మనిషిని పంపవలసిన అవసరము రాలేదు.

2023 అక్టోబరులో మొదలైన యుద్ధము వలన ఎన్నో యాత్రలు ఆగిపోయినవి. ఆ దేశములో రెండు ప్రక్కలా కన్నీరు కార్చుచున్న కుటుంబాల కొరకు ప్రార్థించండి. పరిస్థితులు అనుకూలించి వెళ్ళగలిగినవారు తెల్లవారుజామున లేచి ఆ తలుపు తెరచుట తప్పక చూడండి. వెళ్ళలేనివారు దిగులుపడవద్దు. అమ్మ చెప్పినట్లు, లోపల ఏమీ లేదు. ఆయన లేచియున్నాడు గనుక మన ఊరిలోనే మనతో ఉన్నాడు. అయితే మన ఊరి మందిరమునకు గాని, మన అన్నదమ్ముల మధ్య గాని మన చేతితో వేసిన తాళము ఏదైనా ఉంటే, దానిని తీయుటకు యెరూషలేము వెళ్ళనవసరము లేదు. ఈ రాత్రే ఫోను చేయవచ్చును, లేదా రెండు వీధులు నడచి వెళ్ళవచ్చును.

మనలను సమాధానపరచిన ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.